రాత్రి ఫోటోలో ఆకుపచ్చ చుక్కలు ఎక్కడి నుంచి వస్తున్నాయి?

2024 డిసెంబర్ 30 రాత్రి 10 గంటలకు శ్రీహరికోటలో పీఎస్‌ఎల్‌వీ-సీ60 రాకెట్ లేచింది. నేను నెల్లూరు దగ్గరి మైపాడు బీచ్‌లో ట్రైపాడ్ వేసుకుని, కెమెరా దక్షిణం వైపు తిప్పి, షట్టర్ తెరిచిపెట్టాను. ఇంటికొచ్చి చూసుకుంటే రాకెట్ గీసిన గీత పైన బాగానే ఉంది. కింద చీకటి ఇసుక మీద మాత్రం తలకిందులుగా ఇంకో సన్నటి ఆకుపచ్చ గీత! లెన్స్ పోయిందని టెన్షన్ పడ్డాను. లెన్స్‌కేమీ కాలేదు, దాని మీద బిగించిన యూవీ ఫిల్టర్ అనే రక్షణ అద్దం చేసిన నిర్వాకం అది.

రాత్రి ఫోటోలో కనిపించే వెలుగు మచ్చలన్నీ ఒకే జాతివి కావు. మచ్చ ఎక్కడ పడింది, ఏ ఆకారంలో ఉంది అన్నది చూస్తే సగం జబ్బు తెలిసిపోతుంది.

దీపానికి ఎదురు మూలలో దాని నకలు

ఫోటోలో పై ఎడమ మూలన వీధి లైటు, కింద కుడి మూలన ఆకుపచ్చ చుక్క. రెంటినీ కలుపుతూ గీత గీస్తే సరిగ్గా ఫోటో మధ్యలోంచి పోతుంది. ఈ గుర్తు కనిపిస్తే ముందు ఫిల్టర్‌నే అనుమానించండి.

కెమెరా లోపల బొమ్మను పట్టే సెన్సర్ కూడా మెరిసేదే. దాని మీద పడిన వెలుగులో కొంత వెనక్కి తిరిగి, లెన్స్ దాటి, ముందున్న చదునైన ఫిల్టర్ అద్దానికి తగిలి మళ్లీ లోపలికి వస్తుంది. పూత లేని గాజు ఒక్కో ముఖం మీద సుమారు 4 శాతం వెలుగును తిప్పికొడుతుంది. పగలు అది మిగతా వెలుగులో కలిసిపోతుంది. నల్లటి ఆకాశం పక్కన ఎల్‌ఈడీ లైటుంటే అందులో పిసరంత చాలు, కొట్టొచ్చినట్టు కనబడుతుంది. ఖరీదైన పూతల ఫిల్టర్‌తో తగ్గుతుంది కానీ పూర్తిగా పోదు.

మందు ఒకటే: రాత్రి ఫిల్టర్ విప్పి జేబులో పెట్టుకోండి. లెన్స్ గీతలు పడుతుందని భయముంటే తీయనప్పుడు మూత పెట్టండి.

ఫోన్‌తో తీసేవాళ్లు కెమెరా మీద అతికించిన గ్లాస్ ప్రొటెక్టర్ ఉందేమో చూసుకోండి. ఇదీ ఫిల్టర్‌లాంటిదే, పైగా చవకది. అది పీకేసినా చుక్క వస్తుంటే అది ఫోన్ లెన్స్ సొంత గుణం. అప్పుడు దీపాన్ని సరిగ్గా ఫ్రేము మధ్యకు తెండి. నకలు వెళ్లి దీపం మీదే పడుతుంది, కంటికి కనిపించదు.

ఒక సంగతి. రొట్టెల పండుగప్పుడు స్వర్ణాల చెరువు దగ్గర తీసిన ఫోటోలు చూపించి, నీళ్లలో పడిన లైట్ల నీడల్ని కూడా ఫ్లేర్ (అద్దాలకు తగిలి పుట్టే ఇలాంటి వెలుగు మచ్చ) అనుకునేవాళ్లున్నారు. కెమెరా వంకర లేకుండా పెడితే నీళ్లలో నీడ దీపానికి నిట్టనిలువుగా కిందే ఉంటుంది. నకలేమో మధ్యబిందువు దాటి అవతలికి దూకుతుంది.

వరసగా రంగు రంగుల బిళ్లలు

ఇవి లెన్స్ లోపలి గాజు పలకల మధ్య అటూ ఇటూ తగిలి వచ్చేవి. జూమ్ లెన్సుల్లో పలకలెక్కువ కాబట్టి బిళ్లలూ ఎక్కువే. ఫిల్టర్ విప్పినా పోవు. దీపం ఫ్రేములోనే ఉంటే హుడ్ (పక్క వెలుగు పడకుండా లెన్స్ ముందు తగిలించే తొడుగు) కూడా పనికిరాదు. రెండడుగులు పక్కకు జరిగి దీపాన్ని స్తంభం చాటుకో చెట్టు కొమ్మ చాటుకో పంపడమే ఉపాయం.

ఫోటో అంతా పాలు పోసినట్టు

నాకు తెలిసి ఎక్కువమందిని ఏడిపించేది ఇదే, ఎందుకంటే దొంగ ఫోటోలో కనిపించడు. రంగనాయకుల గుడి గోపురం తీస్తున్నారు, నలుపు నలుపుగా రావడం లేదు, బూడిద రంగుగా వస్తోంది. ఫ్రేము బయట ఎక్కడో ఉన్న లైటు పక్క నుంచి లెన్స్ అద్దం మీద పడుతోందన్నమాట. కెమెరా ముందుకొచ్చి అద్దం వైపు చూడండి. ఏ లైటు మెరుస్తోందో తెలుస్తుంది. ఆ వైపు చెయ్యి అడ్డం పెట్టండి, గొడుగైతే ఇంకా మేలు. హుడ్ ఉంటే తగిలించండి, అయితే వైడ్ లెన్స్ హుడ్లు పొట్టివి, వాటిని పూర్తిగా నమ్ముకోవద్దు.

అడ్డం పెట్టినా మసక పోలేదంటే అద్దం మీద వేలిముద్ర ఉన్నట్టు. ఫోన్లలో పదింట తొమ్మిదిసార్లు నేను చూసింది ఇదే. చొక్కా అంచుతో ఒకే వైపు తుడిచి జిడ్డు చారలు మిగిలిస్తే, ఆ చారలకు అడ్డంగా ప్రతి దీపం నుంచీ పొడవాటి వెలుగు గీత లేస్తుంది. బీచ్‌లోనైతే ఉప్పు తుంపర పేరుకుంటుంది. దాన్ని పొడి గుడ్డతో రుద్దకండి, ఇసుక రేణువులు గీతలు పెడతాయి. ముందు బ్లోయర్‌తో ఊది, తర్వాత కాస్త తడిపిన మైక్రోఫైబర్ గుడ్డతో తేలిగ్గా తుడవండి.

ప్రతి దీపం చుట్టూ మెత్తటి వలయం

ఎండాకాలం ఏసీ గదిలోంచి నేరుగా బయటి ఉక్కలోకి తెచ్చారా? అద్దానికి చెమట పట్టింది. తుడిస్తే మళ్లీ పడుతుంది. బయటికి తెచ్చేముందే కెమెరాను గాలి చొరబడని కవర్‌లో పెట్టి, బయట అరగంట అలాగే ఉంచి తర్వాత తీయండి.

దీపాలకు నక్షత్రంలా ముళ్లు

ఇది జబ్బు కాదు. అపర్చర్ (లెన్స్‌లో వెలుగు దూరే రంధ్రం) ఎఫ్/11, ఎఫ్/16 దాకా మూసినప్పుడు దాని రేకుల అంచుల దగ్గర వెలుగు వంగి వస్తుంది. 8 రేకులుంటే 8 ముళ్లు, 7 ఉంటే 14. ట్రంకు రోడ్డు రాత్రి ఫోటోకి నాకైతే ఇష్టమే. వద్దనుకుంటే ఎఫ్/4 దగ్గరికి తెరవండి.

రైలు కిటికీలోంచి తీస్తే మన ముఖమే

పెన్నా వంతెన మీద వెళ్తూ తీసేటప్పుడు బోగీ లోపలి లైటు అద్దం మీద పడుతుంది. లెన్స్‌ను అద్దానికి ఆనించి, చుట్టూ నల్ల తువ్వాలు కప్పితే చాలు.

ఏ ఉపాయమూ పారని చోట ట్రైపాడ్ కదపకుండా రెండు ఫోటోలు తీస్తాను. మొదటిది మామూలుగా. రెండోది బొటనవేలితో దీపాన్ని మాత్రం మూసి. రెండోదాంట్లో ఆకుపచ్చ చుక్క ఉండదు. ఎడిటింగ్‌లో రెండోదాన్ని కింద పరిచి, మొదటిదాంట్లో చుక్క ఉన్న చోటు మాత్రం చెరిపేస్తే సరిపోతుంది.