పాత పేపర్లలో ఆచూకీ వెతకడం, 4వ భాగం: పది పేపర్లు, ఒక్క వార్త

పోయినసారి పాత పేపర్లలో వెతకమని ఇచ్చిన న్యూయార్క్ జడ్జి జోసెఫ్ క్రేటర్ కేసు దగ్గర చాలామంది చేతులెత్తేశారు. 1930 ఆగస్టు 6న మనిషి మాయమయ్యాడు కదా, 7 నుంచి వారం రోజుల పేపర్లు తిరగేశాం, ఒక్క ముక్క లేదు, ఆ పేజీలు స్కాన్ చేయలేదేమో అంటున్నారు. పేజీలున్నాయి, వార్తే లేదు. న్యూయార్క్‌లో అంత పెద్ద జడ్జి కనిపించడం లేదన్న సంగతి బయటికి పొక్కింది సెప్టెంబర్ 3న. అప్పటిదాకా అయినవాళ్లు గుట్టుగానే వెతుక్కున్నారు. న్యూయార్క్‌లోని డబ్బున్న ఇంటి అమ్మాయి డొరొతీ ఆర్నాల్డ్ కేసూ అంతే, ఆమె 1910 డిసెంబర్ 12న ఇంట్లోంచి బయటికెళ్తే, ఇంట్లోవాళ్లు విలేకరులకు చెప్పింది 1911 జనవరి చివర్లో. కలిగినవాళ్ల ఇళ్లలో ఈ ఆలస్యం మామూలే.

నేనైతే చివరి నుంచి వెనక్కి వస్తాను. క్రేటర్ చనిపోయినట్టు చట్టప్రకారం ప్రకటించింది 1939లో. అలాంటి వార్త దొరికితే చాలు, పాత కథంతా ఒకట్రెండు పేరాల్లో తిరిగి చెప్పి ఉంటారు, వెతకాల్సిన తేదీలు అక్కడే ఏరుకోవచ్చు. ఏరుకోవడం వరకే, వాటిని నమ్మమనడం లేదు.

క్రేటర్ అని కొడితే అగ్నిపర్వతాలు వస్తున్నాయని ఇంకొందరి గోల. వస్తాయి మరి, ఇంగ్లీషులో ఆ మాటకు అర్థమే అగ్నిపర్వతం నోరు! ముందు జస్టిస్ అని చేర్చి, తేదీలు బిగించండి.

ఇక నాకు ఒళ్లు మండే విషయం. మాయమైన రాత్రి క్రేటర్ ఎలా వెళ్లాడన్నదానికి "పది పేపర్లు టాక్సీ ఎక్కాడనే రాశాయి, కాబట్టి ఎక్కినట్టే" అని జవాబులు రాశారు. పది పేపర్లంటే పదిమంది సాక్షులు కాదండీ. అసోసియేటెడ్ ప్రెస్ లాంటి ఏజెన్సీ, అంటే పేపర్లకు వార్తలు అందించే సంస్థ, ఒక కథనం పంపుతుంది, ఊరూరా అదే అచ్చవుతుంది, అందులో వయసు తప్పు పడితే ఆ తప్పూ ఊరూరా తిరుగుతుంది. శీర్షిక మాత్రం ఎవరిది వాళ్లు పెట్టుకుంటారు, అందుకే వేరే వార్తలా కనిపిస్తుంది. శీర్షిక వదిలేసి మొదటి రెండు వాక్యాలు పక్కపక్కన పెట్టి చూడండి, తెలిసిపోతుంది. చోటు చాలకపోతే పేపర్ ఆఫీసులో వార్తలు దిద్దే డెస్క్‌లో సాధారణంగా కింది పేరాలు కోసేస్తారు, కాబట్టి ఒక పేపర్లో టాక్సీ మాట లేనంత మాత్రాన వాళ్లు దాన్ని నమ్మలేదని కాదు. ఇంతకీ ఆ టాక్సీ మాట ఎక్కడిది? ఆ రాత్రి అతనితో కలిసి భోంచేసిన ఇద్దరిది. తర్వాత వాళ్లే మాట మార్చి, టాక్సీ ఎక్కింది మేమే, అతను నడిచి వెళ్లాడన్నారు. అంటే మీ పది పేపర్ల వెనక ఉన్నది ఇద్దరు, వాళ్లు కూడా ఒక మాట మీద నిలబడలేదు.

పనికొచ్చేది స్థానిక విలేకరి సొంతంగా చేర్చిన పేరా. డేట్‌లైన్‌లో, అంటే వార్త మొదట్లో ఊరు, తేదీ వేసే చోట, ఊరి పేరు, పక్కన ఏజెన్సీ పేరు ఉన్నాయేమో ముందు చూడండి. ఏజెన్సీ పేరు లేకపోయినా అరువు సరుకు కావచ్చు.

అభ్యాసం: అమెరికా పాత పేపర్ల స్కాన్లుండే వెబ్‌సైట్ క్రానిక్లింగ్ అమెరికా ఉచితమే. అందులో వాషింగ్టన్ ఈవెనింగ్ స్టార్, ఇంకో రెండు ఊళ్ల పేపర్లు తీసుకుని, 1930 సెప్టెంబర్ 3 నుంచి నెలాఖరు దాకా క్రేటర్ మీద వచ్చిన ప్రతి వాక్యాన్నీ చేత్తో రాయండి. అవును, చేత్తోనే. ఎదురుగా ఒక గడి గీసి, అందులో ఆ మాట ఎవరన్నారో రాయండి. "తెలిసింది", "భావిస్తున్నారు" అని మాత్రమే ఉంటే ఆ గడి ఖాళీగా వదలండి. వచ్చే భాగం ఆ ఖాళీ గడులతోనే మొదలుపెడతాను.