చిన్న ట్రాక్టర్‌ను పికప్‌లో తీసుకెళ్ళడం – 4వ పాఠం: కట్టడం

ఈసారి బెల్టుల సంగతి ఒక్కటే చెబుదామనుకున్నాను. కానీ పోయిన పాఠం చదివి ఎక్కించబోయిన వాళ్ళకు, ట్రాక్టర్ ఎక్కడానికి నేల మీంచి తొట్టికి (పికప్ వెనక సామాను వేసే భాగానికి) వాలుగా వేసిన పలకలు జారాయట. ఒకాయనకైతే ట్రాక్టర్ ముందు చక్రాలు గాల్లోకి లేచాయి. అది తేలకుండా ముందుకు పోలేం.

తప్పులో సగం నాదే. "పలకలను తొట్టికి కట్టండి" అని ఒక్క ముక్క చెప్పి వదిలేశాను, ఎందుకో చెప్పలేదు. పెద్ద చక్రం పైకి ఎక్కుతూ తన కింది పలకను వెనక్కి తంతుంది. పలక కొస తొట్టి అంచు మీద ఊరికే ఆని ఉంటే, సగం దూరంలో జారి కింద పడుతుంది. అదే తోపుకు పికప్ కూడా ముందుకు కదులుతుంది. కాబట్టి పలకలకు గొలుసు, పికప్ చక్రాల ముందు రాళ్ళు. పికప్ తోక, అంటే వెనక కొస, కింద ఒక దుంగ ఊత పెడితే బరువు పడ్డప్పుడు పికప్ మూతి లేవదు.

ఇక ముందు చక్రాలు లేచిన ఆయన ట్రాక్టర్‌ను ముందుకు నడిపి ఎక్కించారు. రివర్సులో అని చెప్పాను కదా! ట్రాక్టర్ బరువు ఎక్కువగా వెనకే ఉంటుంది. రివర్సులో ఎక్కితే ట్రాక్టర్ మూతి లేవదు, ఆ బరువు క్యాబిన్ వైపు చేరుతుంది. అదే తోక వైపు పడితే పికప్ స్టీరింగ్ తేలిపోతుంది.

పలకలు కురచైనా కష్టమే. 3 అడుగుల ఎత్తుకు 6 అడుగుల పలక వేస్తే వాలు 30 డిగ్రీలు; 9 అడుగులదైతే 20 లోపే. నిజం చెప్పాలంటే నేను పలకలు తీసేదే తక్కువ. బత్తాయి తోటల దగ్గర తొట్టి ఎత్తున్న గట్టో మట్టి దిబ్బో దొరుకుతుంది, తోకను దానికి ఆనించేస్తాను.

ఇప్పుడు కట్టడం. గేరులో ఉంచడం, హ్యాండ్ బ్రేకు వేయడం, వెనక తగిలించే రోటవేటర్ (మట్టి గుల్ల చేసే పరికరం) విప్పడం మీకు తెలిసినవే. నాలుగు రాచెట్ బెల్టులు (పిడి ఆడిస్తూ బిగించే పట్టీలు) కావాలి, నైలాన్ తాడు సాగుతుంది. వెనక ఇరుసు నుంచి రెండు క్యాబిన్ మూలలకు, ముందు ఇరుసు నుంచి రెండు తోక మూలలకు. స్టీరింగ్ రాడ్డుకు, మడ్‌గార్డుకు హుక్కు తగిలించొద్దు. పికప్ పక్కన ఉండే చిన్న కొక్కేలు టార్పాలిన్ పట్టా కోసం, 700, 800 కిలోల ఇనుము కోసం కాదు. తొట్టి కింది ఛాసీకే, అంటే బండి ఇనుప చట్రానికే కట్టండి.

నాకు ఒళ్ళు మండే పని ఒకటుంది. బెల్టులు తక్కువైతే ఒక కుర్రాణ్ణి ట్రాక్టర్ సీట్లో కూర్చోబెట్టి "బ్రేకు తొక్కి పట్టుకో" అంటారు. వాడు తొక్కితే చక్రం తిరగదు, అంతే. తిరగని చక్రం తొట్టి రేకు మీద జారదా? గుంతలో ఎగరదా? మలుపులో పక్కకు ఒరిగితే బ్రేకు ఏం చేస్తుంది? పైగా తొట్టి ఎత్తు, దాని మీద సీటు ఎత్తు, దాని మీద మనిషి. తోట దారిలో వేలాడే కరెంటు తీగ సరిగ్గా వాడి తలకే తగులుతుంది. కుర్రాడు మా బావమరిదేనని ఒకాయన సర్దిచెప్పాడు. బావమరిదైతే తీగ తప్పుకుంటుందా? మనిషి క్యాబిన్‌లో కూర్చోవాలి, లేదా బస్సులో రావాలి.

కట్టాక టైర్ల చుట్టూ తొట్టి మీద సుద్దముక్కతో గీత గీయండి. నల్లగొండలో బయల్దేరి తిప్పర్తి దాకా ఆగకుండా పోవద్దు. టైర్ల గాలి కుదుపులకు అణిగి బెల్టు వదులవుతుంది, అందుకే 5 కిలోమీటర్లలోపే ఆగి మళ్ళీ బిగించండి. టైరు గీత నుంచి వేలెడు కదిలినా కట్టు సరిగ్గా లేనట్టే, మొత్తం విప్పి కట్టండి.

అభ్యాసం: ఎక్కించడం, కట్టడం, విప్పడం, దించడం ఐదుసార్లు. చివరిది చీకటి పడ్డాక సెల్‌ఫోన్ లైటులో చేయండి, బేరం కుదిరేది ఎప్పుడూ ఆ వేళకే.