మరిగే నీళ్లలో బుడగ ఎలా పుట్టి, ఎలా విడిపోతుందో ఇంట్లోనే చూడటం ఎలా?

గాజు ఎలక్ట్రిక్ కెటిల్, ఒక టార్చిలైటు, ఫోను ఉంటే చాలు. కెటిల్ అడుగున స్టీలు పళ్లెం ఉన్న రకమైతే ఇంకా మంచిది. సగం దాకా కొళాయి నీళ్లు పోసి, మూత పెట్టి, స్విచ్ వేయండి. టార్చిని వెనక నిలబెట్టి, ఫోన్‌ని పక్క నుంచి అడుగుకు సూటిగా పెట్టి స్లో మోషన్ వీడియో తీయండి. ఆవిరి వచ్చే మూతి వైపు ముఖం పెట్టకండి.

మొదట అడుగుకు, గోడలకు సన్నటి బుడగలు అంటుకుంటాయి. అవి ఆవిరి కాదు, నీళ్లలో కరిగి ఉన్న గాలి. ఒకసారి మరిగించి చల్లార్చిన నీళ్లనే వెంటనే మళ్లీ పెట్టి చూడండి, ఇవి బాగా తగ్గిపోతాయి.

కాసేపటికి రొద మొదలవుతుంది. అడుగున పుట్టిన ఆవిరి బుడగ కాస్త పైకి లేస్తుంది, పైనున్న నీళ్లు ఇంకా అంత కాగలేదు కాబట్టి చటుక్కున మళ్లీ నీరైపోతుంది. అలా కూలిపోయే బుడగల చప్పుడే ఆ రొద. నీళ్లన్నీ కాగాక అది తగ్గి కుతకుత మిగులుతుంది. సముద్రమట్టం దగ్గర ఇది 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర జరిగితే, హైదరాబాద్ ఎత్తులో దాదాపు 98కే జరుగుతుంది.

ఇప్పుడు అడుగున ఒకే ఒక్క చోటు మీద చూపు నిలపండి. ఈ ప్రయోగమంతటిలో అందమైన ఘట్టం ఇదే. ఆ చోటు నుంచి బుడగలు ఒకదాని వెంట ఒకటి వరుసగా లేస్తుంటాయి. అక్కడ కంటికి ఆనని గీతో గుంటో ఉంటుంది. అందులో ఇరుక్కున్న కాస్త గాలి లేదా ఆవిరే బుడగకు విత్తనం. చిన్న బుడగను తలతన్యత, అంటే నీటి ఉపరితలం సాగదీసిన పొరలా బిగుసుకునే గుణం, గట్టిగా అదుముతుంది. దాన్ని తట్టుకుని పెరగాలంటే లోహం నీటి మరుగు స్థానం కంటే కొన్ని డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉండాలి. చుట్టూ ఉన్న నీరు, ముఖ్యంగా బుడగ కింద చిక్కుకున్న పల్చటి నీటి పొర, ఆవిరై లోపలికి చేరుతుంటే బుడగ ఉబ్బుతుంది. పెద్దదయ్యే కొద్దీ నీరు దాన్ని పైకి తోస్తుంది, అంచు దగ్గర తలతన్యత కిందికి పట్టి ఉంచుతుంది. తోపుదే పైచేయి కాగానే మెడ సన్నబడి బుడగ విడిపోతుంది. అప్పటికి అది సాధారణంగా 2-3 మిల్లీమీటర్లుంటుంది. ఖాళీ అయిన చోటికి కొత్త నీరు దూసుకొస్తుంది. గుంటలో మిగిలిన ఆవిరి నుంచి తర్వాతి బుడగ మొదలవుతుంది.

ఈ ప్రయోగం మైక్రోవేవ్‌లో మాత్రం చేయకండి. నున్నటి కప్పులో విత్తనాలు దొరక్క, నీళ్లు మరుగు స్థానం దాటినా కదలకుండా ఉండి, చెంచా పెట్టగానే ఒక్కసారిగా ఎగజిమ్మవచ్చు. అందులో నీళ్లు కాచక తప్పకపోతే, ముందే ఒక చెక్క చెంచా వేసి ఉంచండి.