దసరా సెలవుల్లో అన్నపూర్ణ సర్క్యూట్: బయల్దేరే ముందు బంగాళాఖాతం వైపు చూడండి

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ దగ్గర తీరం దాటింది. చెట్లు కూలి, రోజుల తరబడి కరెంటు లేక, నీళ్లకూ పాలకూ క్యూలు కట్టిన ఆ వారం విశాఖవాసులకు ఇప్పటికీ గుర్తే. తీరం దాటాక తుఫాను బలహీనపడింది కానీ ఆగిపోలేదు. ఛత్తీస్‌గఢ్, ఉత్తరప్రదేశ్ మీదుగా ఉత్తరానికి సాగి, అక్టోబర్ 14న నేపాల్‌లోని అన్నపూర్ణ, ధవళగిరి ప్రాంతాల మీద మంచుతుఫానై విరుచుకుపడింది. అన్నపూర్ణ పర్వతాల చుట్టూ తిరిగే ట్రెక్కింగ్ దారి అన్నపూర్ణ సర్క్యూట్‌లో 5,416 మీటర్ల ఎత్తున్న థోరాంగ్ లా కనుమ పరిసరాల్లోనూ, ధవళగిరి వైపు హిమపాతాల్లోనూ (కొండవాలు మీది మంచు ఒక్కసారిగా జారిపడటం) కనీసం 43 మంది చనిపోయారు. వాళ్లలో విదేశీ ట్రెక్కర్లున్నారు, వాళ్లకు దారి చూపిన, సామాన్లు మోసిన నేపాలీలూ ఉన్నారు. మన తీరంలో అందరికీ తెలిసిన తుఫాను కబురు ఆ కొండమీద చాలామందికి సమయానికి అందలేదు.

హిమాలయ ట్రెక్కులకు మనవాళ్లు ఎక్కువగా ఎంచుకునేది దసరా, దీపావళి సెలవులే. అది సబబే. వర్షాకాలం వెళ్లిపోయి ఆకాశం తేటగా ఉంటుంది, శిఖరాలు స్పష్టంగా కనిపిస్తాయి. అయితే బంగాళాఖాతంలో తుఫానులు పుట్టేదీ ఈ నెలల్లోనే. అందుకే నేను అందరికీ మొదట చెప్పే జాగ్రత్త బూట్ల గురించి కాదు, వాతావరణ బులెటిన్ గురించి. బయల్దేరే వారం ముందు నుంచి భారత వాతావరణ శాఖ ఇచ్చే తుఫాను సమాచారం రోజూ చూడండి. అల్పపీడనం ఎక్కడ తీరం దాటుతుందో తెలుసుకుని ఊరుకోకండి, దాటాక ఎటు పోతుందో చూడండి. అది బీహార్, ఉత్తరప్రదేశ్ వైపు తిరిగే సూచన ఉంటే, తర్వాతి రెండు మూడు రోజులు నేపాల్ ఎత్తుల్లో భారీగా మంచు పడే ప్రమాదం ఉందని లెక్కేసుకోండి. పైన లాడ్జిల్లో వైఫై ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. ఇంట్లో రోజూ వార్తలు చూసే నాన్నగారికో అక్కకో ఈ పని అప్పజెప్పండి. తుఫాను మాట వినిపిస్తే మీకూ, మీ గైడుకూ మెసేజ్ పెట్టమనండి. మీరు కూడా సాయంత్రం లాడ్జి చేరగానే గైడును వాతావరణం గురించి అడగడం అలవాటు చేసుకోండి.

రెండోది, చేతిలో కనీసం రెండు రోజులు అదనంగా ఉంచుకోవడం. సెలవులు అయిపోతున్నాయి, ఫ్లైట్ టికెట్ వెనక్కి రాదు, ఆఫీసులో సోమవారం మీటింగ్ ఉంది అనే టెన్షన్ మీద కనుమ దాటాలని చూడటం అన్నిటికంటే పెద్ద ప్రమాదం. కనుమకు కింద ఆగే మజిలీలైన థోరాంగ్ ఫేదీలోనో హైక్యాంప్‌లోనో ఉండగా మంచు మొదలైతే లాడ్జిలోనే ఉండిపోండి. మంచు ఆగగానే కూడా బయటికి పరుగెత్తవద్దు. కొత్తగా పడిన మంచు వాలుల మీద కుదురుకోవడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది, హిమపాతాలు ఎక్కువగా జారేది ఆ సమయంలోనే. దారి తెరిచారని స్థానికులు చెప్పాకే కదలండి. కనుమ మీదికి చేరాక వాతావరణం చెడితే గుంపుతో పాటు తొందరపడి ముందుకు నడిచేయకండి. తెల్లటి మంచుగాలిలో పది అడుగుల దూరంలో ఉన్న మనిషి కూడా కనపడడు. గైడు వెనక్కి అంటే మారుమాట లేకుండా వెనక్కే. నేపాల్‌లో చాలా ట్రెక్కింగ్ దారుల్లో విదేశీయులకు 2023 ఏప్రిల్ నుంచి గైడు తప్పనిసరి. ఆ నిబంధనను ఖర్చుగా చూసి తప్పించుకునే దారి వెతకకండి.

ఎంత అనుభవం ఉన్నా కొండ మీద వాతావరణానికి తలవంచాల్సిందే. నెల్లూరు జిల్లా గాంధీజనసంఘం నుంచి వచ్చిన మల్లి మస్తాన్‌బాబు 2006లో ఏడు ఖండాల ఎత్తైన శిఖరాలను 172 రోజుల్లో ఎక్కారు. అంతటి మనిషిని 2015లో ఆండీస్ పర్వతాల్లో పోగొట్టుకున్నాం. ఆయన పేరు తలచుకుని కొండెక్కే ప్రతి తెలుగు కుర్రాడూ, అమ్మాయీ క్షేమంగా ఇంటికి తిరిగి రావాలని నా కోరిక.

ఇక ఎత్తు సంగతి. తూర్పు కనుమల్లో మనకున్న అతి ఎత్తైన కొండ కూడా 1,700 మీటర్లు దాటదు. అంటే ఇక్కడ ఎంత సాధన చేసినా ఒంటికి ఎత్తు అలవాటు కాదు. అలిపిరి మెట్లు వారానికోసారి ఎక్కితే కాళ్లు, ఊపిరి గట్టిపడతాయి. అది తప్పకుండా చేయండి, దిగడం కూడా సాధన చేయండి. థోరాంగ్ లా నుంచి అవతలి వైపున్న పుణ్యక్షేత్రం ముక్తినాథ్‌కు ఒకే రోజులో 1,600 మీటర్లు దిగాలి, మోకాళ్లు అక్కడే మొరాయిస్తాయి. కానీ రోజూ పరుగెత్తే పాతికేళ్ల కుర్రాడికి ఆల్టిట్యూడ్ సిక్‌నెస్ (ఎత్తులో గాలి పలచబడటం వల్ల వచ్చే జబ్బు) వచ్చి, పక్కన నిదానంగా నడిచే పెద్దాయనకు ఏమీ కాకపోవచ్చు. మాలావత్ పూర్ణ 2014 మే 25న, పద్నాలుగేళ్లు నిండకముందే ఎవరెస్ట్ ఎక్కింది. భువనగిరి బండల మీద మొదలైన ఆమె శిక్షణ డార్జిలింగ్‌కు, ఆ తర్వాత లడఖ్ చలిలోకి సాగింది. అలా మెట్టు మెట్టుగా ఎత్తుకు అలవాటు పడాలి.

దీనికి ఒక లెక్క ఉంది. 3,000 మీటర్లు దాటాక, ఒక రాత్రి పడుకున్న చోటికీ మరుసటి రాత్రి పడుకునే చోటికీ తేడా 500 మీటర్లు మించకూడదు. మూడు నాలుగు రోజులకొకసారి ఒకే ఊళ్లో రెండు రాత్రులు ఉండాలి. ఈ దారిలో ఆ ఊరు 3,540 మీటర్ల మనాంగ్. సీజన్‌లో హిమాలయన్ రెస్క్యూ అసోసియేషన్ వైద్యులు అక్కడ ఎత్తు జబ్బుల గురించి ట్రెక్కర్లకు వివరిస్తారు. తప్పకుండా వెళ్లి కూర్చోండి, అనుమానాలుంటే అక్కడే అడిగేయండి.

తలనొప్పి, వికారం, అన్నం సయించకపోవడం, నిద్ర పట్టకపోవడం మొదటి గుర్తులు. మనవాళ్లు వీటిని గ్యాస్ అనో, ప్రయాణ బడలిక అనో కొట్టిపారేసి మాత్ర మింగి నడిచేస్తారు. దయచేసి అలా చేయకండి, గైడు దగ్గర దాచకండి. తలనొప్పి ఉన్నంతవరకు ఇంకా పైకి వెళ్లకూడదు. కూర్చున్నా ఆయాసం తగ్గకపోతే, పొడిదగ్గు ముదిరితే, కఫంలో గులాబీ రంగు నురగ కనిపిస్తే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోందని అర్థం. ఎత్తు వల్ల వచ్చే మెదడు వాపును పట్టుకోవడానికి ఒక సులువైన పరీక్ష ఉంది. నేల మీద ఒక గీత ఊహించుకుని, ఒక కాలి మడమ రెండో కాలి బొటనవేలికి తగిలేలా పది అడుగులు వేయమనండి. తూలితే, మాట తడబడితే, చెప్పింది అర్థం కాకపోతే అది మెదడు వాపు కావచ్చు. ఈ రెండింట్లో దేని గుర్తులు కనిపించినా, రాత్రి పన్నెండైనా సరే తోడుండి కిందికి దించాల్సిందే. తెల్లారనిద్దాం అనుకుంటే ప్రాణం పోవచ్చు. ఎత్తు జబ్బు రాకుండా వేసుకునే డయామాక్స్ మాత్ర వాడాలా వద్దా అనేది వెళ్లేముందే డాక్టరుతో మాట్లాడండి, సల్ఫా మందులు పడనివాళ్లు ఆ మాట ముందే చెప్పాలి. మద్యం, నిద్రమాత్రలు వద్దు. షుగరు ఉన్నవాళ్లు ఇన్సులిన్ గడ్డకట్టకుండా ఒంటికి ఆనించి పెట్టుకోవాలి.

కనుమ దాటే రోజు తెల్లవారుజామున నాలుగు, ఐదింటికే నడక మొదలవుతుంది. పొద్దెక్కేకొద్దీ గాలి పెరుగుతుంది కాబట్టి. ఒంటికి ఆనే బట్ట కాటన్ కాకూడదు, చెమటకు తడిస్తే ఆరదు, ఆగిన మరుక్షణం వణుకు మొదలవుతుంది. థర్మల్స్, దాని మీద ఫ్లీస్, పైన గాలీ నీళ్లూ చొరబడని జాకెట్. పక్షి ఈకలు నింపిన డౌన్ జాకెట్ మాత్రం బ్యాగులో పైనే పెట్టుకుని, ఆగినప్పుడు వేసుకోండి. ట్యూబుతో తాగే నీళ్ల సంచి అక్కడ పనికిరాదు, ట్యూబులో నీళ్లు గడ్డకడతాయి. సీసాలో గోరువెచ్చని నీళ్లు పోసి తలకిందులుగా పెడితే మంచు ముందు పైకి వచ్చిన సీసా అడుగు వైపు పేరుకుంటుంది, కిందున్న మూత గడ్డకట్టక తెరుచుకుంటుంది. ఫోను, హెడ్‌ల్యాంప్ బ్యాటరీలు రాత్రి స్లీపింగ్ బ్యాగులోకి తీసుకోండి. కొత్త మంచు మీద ఎండ పడితే కళ్లు మండి చూపు తాత్కాలికంగా పోతుంది, యూవీ కళ్లద్దాలు తప్పనిసరి. మైక్రోస్పైక్స్ (మంచు మీద జారకుండా బూట్లకు తగిలించుకునే ముళ్లు), విజిల్, అల్యూమినియం దుప్పటి కలిపినా పెద్ద బరువు కాదు. బూట్లు నెల ముందే కొని, వాటితోనే మెట్లెక్కండి.

మీ సామాను మోసే మనిషికి మంచి బూట్లు, చేతి తొడుగులు, జాకెట్, ఇన్సూరెన్స్ ఉన్నాయో లేదో బయల్దేరే రోజే అడగండి. లేకపోతే ఇప్పించాకే నడక మొదలుపెట్టండి. మీ ఇన్సూరెన్స్‌లో హెలికాప్టర్ ఖర్చు ఉందో, ఎంత ఎత్తు వరకు వర్తిస్తుందో చదవండి. 5,416 మీటర్లకు సరిపోని పాలసీ ఈ దారికి చాలదు.

నడవకుండా ముక్తినాథ్ దర్శనానికి జీపులో వెళ్లే మన పెద్దవాళ్లకూ ఒక మాట. 820 మీటర్ల పోఖరా నుంచి 3,700 మీటర్ల పైనున్న గుడికి ఒకే రోజులో చేరితే ఎత్తు దెబ్బ తగులుతుంది. వెళ్లేటప్పుడు 2,700 మీటర్ల జోమ్‌సోమ్‌లో ఒక రాత్రి ఆగండి, దర్శనం కాగానే మళ్లీ అక్కడికే దిగి పడుకోండి. 108 ధారల కింద స్నానం చేయాలనుకుంటే గుండెజబ్బు, ఆస్తమా ఉన్నవాళ్లు ఆ నీళ్లు తల మీద చల్లుకుని సరిపెట్టుకోండి. మిగతావాళ్లు పొడి బట్టలు, టోపీ చేతికందేలా పెట్టుకుని దిగండి.