జవాబు కోసం ఆగకుండా లాంబ్డా ఫంక్షన్‌ను పిలవడం ఎలా?

నెల్లూరు జిల్లాలోని విడవలూరు, ఇందుకూరుపేట మండలాల రొయ్యల రైతులు గుంట నీటిని సీసాల్లో పట్టుకొని పొద్దున్నే పరీక్షల ల్యాబుకు తెస్తారు. అలాంటి ఒక ల్యాబు కోసం నేను రాసిన ప్రోగ్రామ్‌లో కౌంటరు దగ్గరి ఉద్యోగి పీహెచ్, ఉప్పు శాతం, ఆల్కలినిటీ, అమ్మోనియా అంకెలు ఎక్కించి ‘సేవ్’ నొక్కగానే, అమెజాన్ క్లౌడ్‌లోని ఒక లాంబ్డా ఫంక్షన్ (పిలిచినప్పుడు మాత్రమే అక్కడ నడిచే చిన్న ప్రోగ్రామ్) పీడీఎఫ్ రిపోర్టు తయారుచేసి రైతు ఫోనుకు పంపేది. ఆ పని ముగిసేవరకు తెర కదిలేది కాదు, ఈలోగా సీసాలతో వచ్చినవారి వరుస పెరిగేది. పనిని ఫంక్షన్‌కు అప్పగించి వెంటనే తరువాతి సీసా వైపు మళ్లడమే దీనికి సరైన మార్గం. ఆ అప్పగింతను ఎలా చేయాలో, చేశాక ఏయే బాధ్యతలు మన మీద పడతాయో వివరిస్తాను.

ముందుగా ఒక తేడాను గుర్తించాలి. పైథాన్‌లో అసింక్‌ఐఓ (ఒక పని కోసం ఆగకుండా మరో పని చేయనిచ్చే లైబ్రరీ)తోనో, వేరే థ్రెడ్‌లోనో ఫంక్షన్‌ను పిలిస్తే తెర ఆగదు, కానీ జవాబు వచ్చేవరకు మన ప్రోగ్రామ్ ఆ కనెక్షన్‌ను పట్టుకొనే ఉండాలి, మధ్యలో కరెంటు పోయి కంప్యూటర్ ఆగిపోతే ఫలితం ఏమైందో తెలియదు. లాంబ్డా అందించే అసింక్రనస్ (జవాబు కోసం ఆగని) పిలుపు వేరు. అందులో మన వినతిని లాంబ్డా తన లోపలి క్యూలో వేసుకొని, ‘అందింది’ అని చెప్పి కనెక్షన్‌ను ముగిస్తుంది. ఆ తరువాత మన కంప్యూటర్ ఆగిపోయినా అక్కడి పని ఆగదు.

మొదటి పని ఫంక్షన్‌ను సిద్ధం చేయడం. కొత్త లాంబ్డా ఫంక్షన్‌కు టైమౌట్ (పనికి ఇచ్చే గరిష్ఠ సమయం) 3 సెకన్లు, మెమరీ 128 ఎంబీ అని ముందే పెట్టి ఉంటాయి. పీడీఎఫ్ లాంటి పనులకు ఇవి చాలవు. టైమౌట్‌ను 15 నిమిషాల వరకు పెంచుకోవచ్చు గానీ, మామూలుగా పట్టే సమయానికి మూడు నాలుగు రెట్లు ఉంచితే సరిపోతుంది.

రెండవది అనుమతి. పిలిచే ప్రోగ్రామ్ వాడే ఖాతాకు ఆ ఒక్క ఫంక్షన్ మీద మాత్రమే ‘ఇన్వోక్ ఫంక్షన్’ అనుమతి ఇవ్వండి. ఫంక్షన్ ఉన్న రీజియన్ (అమెజాన్ సర్వర్లున్న ప్రాంతం) పేరును కూడా సరిచూసుకోండి. ముంబై రీజియన్ 2016 నుంచి, హైదరాబాద్ రీజియన్ 2022 నుంచి నడుస్తున్నాయి. ఒకచోట పెట్టిన ఫంక్షన్ మరొకచోట కనిపించదు.

మూడవది అసలు పిలుపు. పైథాన్ నుంచి అమెజాన్ క్లౌడ్‌ను వాడుకునే బోటో3 లైబ్రరీలో లాంబ్డా క్లయింట్‌ను తెరిచి, ‘ఇన్వోక్’ అనే పద్ధతికి ఫంక్షన్ పేరును, జేసన్ రూపంలో పేలోడ్‌ను (ఫంక్షన్‌కు పంపే సమాచారాన్ని) ఇచ్చి, ‘ఇన్వొకేషన్ టైప్’ దగ్గర ‘ఈవెంట్’ అని రాయాలి. ఏమీ రాయకపోతే అది ‘రిక్వెస్ట్ రెస్పాన్స్’ అవుతుంది, అంటే మళ్లీ జవాబు కోసం నిలబడే పాత పద్ధతే. పేలోడ్‌లో గుంట ఫొటోలను, ఫైళ్లను పెట్టకండి. వాటిని అమెజాన్ ఫైళ్ల నిల్వ అయిన ఎస్3లో ఉంచి, ఆ చోటు పేరును మాత్రమే పంపండి.

పిలుపు అందితే 202 అనే స్టేటస్ వస్తుంది. లాంబ్డా వినతిని తీసుకున్నదని మాత్రమే దీని అర్థం, రిపోర్టు తయారైందని కాదు. అందువల్ల తెర మీద ‘రిపోర్టు పంపబడింది’ అని చూపడం అబద్ధమవుతుంది, ‘తయారవుతోంది’ అని చూపాలి. పని ముగిశాక ఫంక్షన్ తన ఫలితాన్ని డైనమోడీబీ (అమెజాన్ డేటాబేస్) పట్టికలో రాస్తే, తెర దాన్ని కొన్ని సెకన్లకొకసారి చదివి స్థితిని మార్చవచ్చు.

ఇక అతి ముఖ్యమైన విషయం, ఒకే పని రెండుసార్లు జరగకుండా చూడటం. ఫంక్షన్‌లో ఎర్రర్ వచ్చినా, టైమౌట్ దాటినా, లాంబ్డా తనంతట తానే మరో రెండుసార్లు ప్రయత్నిస్తుంది: ఒక నిమిషం తరువాత ఒకసారి, ఆపైన రెండు నిమిషాలకు మరోసారి. నా మొదటి ఫంక్షన్ రైతుకు సందేశం పంపి, ఆ తరువాత పట్టికలో రాసేది. రాసే చోట తప్పుండటంతో ప్రతిసారీ ఎర్రర్ వచ్చి, పని మళ్లీ మొదటి నుంచి నడిచింది. ఒకే రిపోర్టు మూడుసార్లు అందుకున్న రైతు, తన మూడు గుంటల ఫలితాలు వచ్చాయనుకొని ఏ గుంటది ఏదని అడగడానికి ఫోన్ చేశారు. ఒక గుంట అమ్మోనియా అంకెను మరో గుంటకు అన్వయించుకుంటే జరిగే నష్టం చిన్నది కాదు కనుక, ఆ రోజే దాన్ని సరిచేశాను.

దీనికి విరుగుడు ఏమిటంటే, ప్రతి సీసాకు ఒక నంబరును పిలిచే ప్రోగ్రామే కేటాయించి పేలోడ్‌లో పంపాలి. ఫంక్షన్ లోపల కేటాయిస్తే ప్రయోజనం లేదు, ఎందుకంటే ప్రతి ప్రయత్నంలోనూ కొత్త నంబరు పుడుతుంది. పైగా 202 వచ్చే లోపల నెట్ తెగితే బోటో3 అదే పిలుపును మళ్లీ పంపవచ్చు, అప్పుడు కూడా ఈ నంబరే రక్షణ. ఫంక్షన్ పని మొదలుపెట్టే ముందు ‘ఈ నంబరు లేకపోతేనే రాయి’ అనే షరతుతో పట్టికలో ‘మొదలైంది’ అని రాయాలి, సందేశం వెళ్లగానే దాన్ని ‘పంపబడింది’గా మార్చాలి. మళ్లీ వచ్చిన ప్రయత్నానికి ‘పంపబడింది’ కనిపిస్తే అక్కడితో ఆగాలి, ‘మొదలైంది’ మాత్రమే కనిపిస్తే పనిని కొనసాగించాలి. సందేశం వెళ్లడానికీ స్థితి మారడానికీ మధ్యనున్న ఆ కాస్త సందును ఈ పద్ధతి పూర్తిగా మూయలేదు. అందుకే గుంట పేరును, సీసా నంబరును సందేశంలోనే స్పష్టంగా రాస్తున్నాను.

మూడు ప్రయత్నాలూ విఫలమైతే, మనం వేరే ఏర్పాటు చేయని పక్షంలో, లాంబ్డా ఆ వినతిని పారేస్తుంది. కనుక ఫంక్షన్ సెట్టింగులలో ‘డెస్టినేషన్’ కింద, విఫలమైన వాటిని ఒక ఎస్‌క్యూఎస్ (అమెజాన్ సందేశాల సేవ) క్యూకు పంపమని చెప్పాలి. విఫలమైన వినతులను దాచే పాత పద్ధతి ‘డెడ్ లెటర్ క్యూ’ కంటే దీన్నే నేను ఇష్టపడతాను. మనం పంపిన పేలోడ్‌తో పాటు ఫంక్షన్ ఇచ్చిన జవాబు, ఎర్రర్ వివరాలు కూడా ఒకేచోట దొరుకుతాయి. ఆ క్యూలో రాసే అనుమతి ఫంక్షన్ రోల్‌కు (ఫంక్షన్ ఏమేం చేయవచ్చో నిర్ణయించే అనుమతుల గుర్తింపుకు) ఉండాలి. ప్రయత్నాల సంఖ్యను 0 నుంచి 2 వరకు, వినతి వేచి ఉండే గరిష్ఠ కాలాన్ని ఒక నిమిషం నుంచి 6 గంటల వరకు ఇక్కడే మార్చుకోవచ్చు. అమ్మోనియా రిపోర్టు 6 గంటల తరువాత అందితే రైతుకు ఉపయోగం తక్కువ కాబట్టి, మేము అరగంటగా పెట్టాము.

మైక్రోసాఫ్ట్ క్లౌడ్ అయిన అజ్యూర్‌లో అయితే స్టోరేజ్ క్యూలో సందేశం వేసి ఫంక్షన్‌ను నడిపించవచ్చు, గూగుల్ క్లౌడ్‌లో పబ్‌సబ్ లేదా క్లౌడ్ టాస్క్స్ అనే సేవలు ఇదే పని చేస్తాయి.

చివరగా పరీక్ష. ఫంక్షన్ మొదటి వరుసలోనే కావాలని ఎర్రర్ వచ్చేలా రాసి, ఒక్కసారి పిలవండి. మీకు 202 వస్తుంది. సుమారు మూడు నాలుగు నిమిషాలు ఆగి క్లౌడ్‌వాచ్ (అమెజాన్ పర్యవేక్షణ సేవ) లాగ్‌లో చూస్తే ఒకే రిక్వెస్ట్ నంబరుతో మూడు ప్రయత్నాలు కనిపించాలి, ఎస్‌క్యూఎస్ క్యూలో ఒక సందేశం ఉండాలి. సందేశం లేకపోతే రోల్ అనుమతిని మళ్లీ చూడండి. ఆ క్యూలో ఒక్క సందేశం చేరినా ఫోనుకు హెచ్చరిక వచ్చేలా క్లౌడ్‌వాచ్ అలారం పెట్టిన తరువాతే కావాలని రాసిన ఎర్రర్‌ను తీసేయండి.