మెటల్ షో: మొదటి బ్యాండ్ నుంచి చివరి మెట్రో దాకా

హెవీ మెటల్ సంగీత కచేరీ పోస్టర్ మీద ఐదు బ్యాండ్ల పేర్లుంటే, పైన పెద్ద అక్షరాల్లో ఉన్నది చివర వాయిస్తుంది, అడుగున చిన్న అక్షరాల్లో ఉన్నది ముందు వాయిస్తుంది. శబ్ద కాలుష్య నిబంధనల (2000) ప్రకారం రాత్రి 10 దాటాక ఆరుబయట లౌడ్‌స్పీకర్లు మోగకూడదు. ఒక్కో బ్యాండ్‌కి 40 నిమిషాలు, మధ్యలో సామాను మార్చడానికి 20 నిమిషాలు వేసుకోండి. ఐదు బ్యాండ్లకు దాదాపు ఐదు గంటలు. అంటే హైదరాబాద్‌లో ఆరుబయట షో సాయంత్రం 5కే మొదలవ్వాలి. ఆఫీసు అయ్యాక ఎనిమిదింటికి పోదాంలే అనుకుంటే మూడు బ్యాండ్లు పోయినట్టే. మొదటి బ్యాండ్‌కే అక్కడ ఉండండి. సొంత పాటలు రాసుకుని, జీతంలోంచి జామ్ రూమ్ (సాధన చేసే గది) అద్దె కట్టుకుని వచ్చేవాళ్లకు ఎదురుగా నిలబడే ముప్పై మందే పెద్ద బలం.

వెళ్లే ముందు వారంలో ఒక్కో బ్యాండ్‌వి మూడేసి పాటలు వినండి. గాడ్‌లెస్ లాంటి డెత్ మెటల్ (గుర్రుమంటూ, అరుస్తూ పాడే మెటల్) బ్యాండ్ గొంతులో మాటలు స్టేజీ ముందు అసలు పట్టుబడవు. పాట ఎక్కడ నెమ్మదిస్తుందో, ఎక్కడ విరుచుకుపడుతుందో ముందే చెవిలో ఉంటే మాత్రం ఆ రాత్రి రుచే వేరు.

టికెట్ క్యూఆర్ కోడ్‌ని స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. వందల మంది ఒకచోట చేరితే గేటు దగ్గర నెట్ రాదు. తెలంగాణలో మద్యానికి కనీస వయసు 21 ఏళ్లు కాబట్టి, బార్ ఉన్న చోట షో అయితే గుర్తింపు కార్డు అడుగుతారు. మేకుల పట్టీలు, ప్యాంటు గొలుసులు, నీళ్ల సీసాలు గేటు దగ్గరే తీసేసుకుంటారు, ఇంట్లోనే వదిలెయ్యండి. చెప్పులు వద్దు, లేసులు రెండు ముళ్లు వేసిన బూట్లే వేసుకోండి. చెవిపోగులు, మెడలో గొలుసు తీసెయ్యండి. రెండు గంటల ముందు కడుపు నిండా కాకుండా ఏదో ఒకటి తిని, అర లీటరు నీళ్లు తాగి బయల్దేరండి.

ఇక అన్నిటికంటే ముఖ్యమైనది చెవి. అమెరికాలోని వృత్తి భద్రతా పరిశోధన సంస్థ లెక్క ప్రకారం 85 డెసిబెల్స్ శబ్దాన్ని రోజుకు 8 గంటలు భరించవచ్చు. ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కీ ఆ సమయం సగానికి తగ్గుతుంది. 100 దగ్గరికి వచ్చేసరికి మిగిలేది 15 నిమిషాలే. మెటల్ షోలో 100 దాటడం మామూలు, మీరు ఉండేది ఐదు గంటలు. దూది పెట్టుకుంటే పెద్దగా ఉపయోగం లేదు. మెడికల్ షాపులో దొరికే ఫోమ్ ఇయర్‌ప్లగ్‌లు చాలు, కానీ పెట్టుకోవడం తెలియాలి: వేళ్ల మధ్య సన్నగా నలిపి, రెండో చేత్తో తల మీదుగా చెవిని పైకీ వెనక్కీ లాగి, లోపలికి తోసి, ఉబ్బేదాకా అర నిమిషం వేలితో నొక్కి పట్టుకోండి. సగమే దూరిస్తే సందుల్లోంచి బేస్ చొరబడుతుంది, గిటార్లు మాత్రం ముద్దగా వినిపిస్తాయి. చాలామంది ‘ప్లగ్‌లు పెట్టుకుంటే పాట పాడైపోతుంది’ అనేది అందుకే. తరచూ వెళ్లేవాళ్లు సంగీతం కోసం చేసిన ప్లగ్‌లు కొనుక్కోవడం మేలు. అవి అన్ని స్వరాలనూ దాదాపు సమానంగా తగ్గిస్తాయి.

ఎక్కడ నిలబడాలి? మొదటి వరసలో స్టేజీ మీది గిటార్ ఆంప్లిఫయర్లూ డ్రమ్స్ నేరుగా తగులుతాయి, గొంతు తక్కువగా వినిపిస్తుంది, ఎందుకంటే పెద్ద స్పీకర్లు పక్కల నుంచి మీ తల దాటి వెనక్కి కొడతాయి. గోడ పక్కన బేస్ పోగుపడి బురదలా ఉంటుంది. సౌండ్ ఇంజనీర్ తన మిక్సర్ బల్ల దగ్గర వినిపించేదాన్ని బట్టే శబ్దాన్ని సరిచేస్తాడు కాబట్టి, ఆ బల్లకు రెండు మూడు గజాల ముందు నిలబడితే అన్నీ తేటగా వినిపిస్తాయి. ఇంకో సంగతి: షోకి ముందు వాయిద్యాల శబ్దం సరిచూసుకునే సౌండ్ చెక్ సాధారణంగా తలకిందులుగా జరుగుతుంది. పెద్ద బ్యాండ్‌ది ముందు, మొదట వాయించే బ్యాండ్‌ది సమయం మిగిలితే చివర. కాబట్టి మొదటి బ్యాండ్ మొదటి పాట గందరగోళంగా ఉంటే వాళ్లను తప్పుపట్టకండి. మూడో పాటకు సర్దుకుంటుంది.

మాష్ పిట్ అంటే కొట్లాట కాదు. మధ్యలో ఖాళీ ఏర్పడి, ఒకరినొకరు భుజాలతో తోసుకుంటారు. మోచేతులు, పిడికిళ్లు ఎత్తకూడదు. ఎవరైనా పడితే చుట్టూ ఉన్నవాళ్లు వెంటనే ఆగి, చంకల కింద చేతులు వేసి లేపాలి. దీనికి మినహాయింపు లేదు. సర్కిల్ పిట్‌లో, అంటే గుండ్రంగా పరుగెత్తేటప్పుడు, అందరూ ఏ వైపు పరుగెడితే మీరూ ఆ వైపే. గుంపు రెండుగా చీలి ఎదురెదురుగా నిలబడిందంటే వాల్ ఆఫ్ డెత్ (రెండు వైపులూ పరుగెత్తుకొచ్చి ఢీకొనడం) రాబోతోంది. వద్దనుకుంటే అప్పుడే పక్కకు జరగండి, డ్రమ్స్ మొదలయ్యాక దారి దొరకదు. కళ్లజోడు ఉన్నవాళ్లు దాన్ని వెనక తాడుతో కట్టుకోండి. ఇష్టం లేనివాళ్లను లోపలికి లాగడం, అమ్మాయిల మీద చేతులు వేయడం ఎవరు చేసినా సెక్యూరిటీని పిలవండి.

హెడ్‌బ్యాంగింగ్ (బీట్‌కి తగ్గట్టు తల గట్టిగా ఊపడం) గురించి 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక లెక్క వచ్చింది. ఇలాంటి పాటల సగటు వేగం నిమిషానికి 146 బీట్లు, ఆ వేగంలో తల 75 డిగ్రీలకు మించి ఊగితే స్వల్పంగా గాయమయ్యే ప్రమాదం ఉంది. మరి ఏం చేయాలి? కాళ్లు ఎడంగా పెట్టి, మోకాళ్లు కాస్త వంచి, మెడ నుంచి కాకుండా నడుము నుంచి ఊగండి. వేగం పెరిగితే ప్రతి బీట్‌కీ కాకుండా ఒకటి విడిచి ఒకటి పట్టుకోండి. తల తిరిగితే ఆపెయ్యండి.

బ్యాండ్లు మారే 20 నిమిషాలే మీ విరామం. డ్రమ్ సెట్, స్పీకర్ క్యాబినెట్లు చాలా షోల్లో అందరికీ ఉమ్మడివే. డ్రమ్మర్ల స్నేర్ (చిన్న డ్రమ్), సింబల్స్ (లోహపు తాళాలు), పెడల్ మాత్రం ఎవరివి వాళ్లే బిగించుకోవాలి, అందుకే అంతసేపు పడుతుంది. పాట ఆగగానే బాత్‌రూమ్‌కి పరుగెత్తితే పెద్ద క్యూ ఉంటుంది, పది నిమిషాలు ఆగి వెళ్లండి. బ్యాండ్ ఎక్కే ముందు చేసే చిన్న చెక్ సాధారణంగా కిక్ డ్రమ్‌తో (కాలితో మోగించేది) మొదలై స్నేర్, బేస్, గిటార్, చివరికి గొంతు దాకా వస్తుంది. గిటార్ వినిపించిందంటే వచ్చెయ్యండి. ఈలోపు నీళ్లు తాగండి. బీరు దాహం తీర్చదు. టీషర్టులు కొనాలంటే పెద్ద బ్యాండ్ ఎక్కకముందే కొనండి, తర్వాత మీ సైజు మిగలదు. యూపీఐ మొరాయిస్తుంది, కొంచెం నగదు ఉంచుకోండి.

తిరుగు ప్రయాణం లెక్క ముందే చూసుకోవాలి. మెట్రో చివరి రైళ్లు చివరి స్టేషన్ల నుంచి రాత్రి 11 ప్రాంతంలో బయల్దేరతాయి, ఆ రోజు సమయం యాప్‌లో చూడండి. రాయదుర్గం నుంచి ఎల్బీనగర్ వైపు వెళ్లాలంటే అమీర్‌పేటలో మారాలి. శంషాబాద్ వైపు షో అయితే మెట్రో లేదు, తిరుగు బండి ముందే మాట్లాడుకోండి. క్యాబ్ కావాలంటే గేటు ముందు బుక్ చేయకండి. అర కిలోమీటరు నడిచి మెయిన్ రోడ్డు మీదికి వస్తే రేటూ తగ్గుతుంది, డ్రైవర్‌కి మీరు దొరుకుతారు కూడా. ఫోన్లు పనిచేయవు కాబట్టి స్నేహితులతో ఎక్కడ కలవాలో లోపలికి వెళ్లకముందే అనుకోండి.

రాత్రి చెవుల్లో గుయ్‌మంటుంటే ఇయర్‌ఫోన్లు పెట్టకుండా నిశ్శబ్దంగా పడుకోండి. రెండు రోజులైనా తగ్గకపోతే, లేదా ఒక చెవి సరిగా వినిపించకపోతే, ఆలస్యం చేయకుండా ఈఎన్‌టీ డాక్టర్‌కి చూపించుకోండి.