డాల్ఫిన్లను కొలనుల్లో బంధించి ఆడించే కేంద్రాలపై ప్రచారం ఎలా చేయాలి?

1. ముందు డిమాండ్ తేల్చుకోండి

"వెంటనే సముద్రంలో వదిలేయండి" అనే నినాదంతో మొదలుపెట్టొద్దు. కొలనులో పుట్టిన డాల్ఫిన్‌కు బతికున్న చేపను వేటాడటం రాదు. ఆ ఒక్క మాట పట్టుకుని నిర్వాహకులు మీ వాదన మొత్తాన్ని కొట్టిపారేస్తారు. అడగాల్సినవి నాలుగు: కొత్తగా పట్టి తేవడం, కొలనుల్లో పిల్లల్ని పుట్టించడం, ఆటలు ఆడించడం ఆపాలి, ఇప్పుడున్నవాటిని తీరంలో వల కట్టిన సహజ ఆవరణకు తరలించాలి.

2. సాక్ష్యం సేకరించండి

ప్రచారం గెలిచేదీ ఓడేదీ ఇక్కడే. టికెట్ కొనకండి, ఆ డబ్బు వాళ్లకే చేరుతుంది. సందర్శకులు బయటపెట్టిన వీడియోలు చాలు. ప్రతిదానికీ తేదీ, సమయం, కొలను, కనిపించిన డాల్ఫిన్ల సంఖ్య రాసిపెట్టండి. ఒకే దిక్కున గుండ్రంగా తిరగడం, చాలాసేపు కదలకుండా తేలడం, ఒంటిమీద తోటి డాల్ఫిన్ల పంటిగాట్లు వరసగా ఉండటం, నీడలేని కొలను గమనించండి. పంటిగాట్లు సముద్రంలోనూ పడతాయి. అయితే అక్కడ దెబ్బతిన్నది దూరంగా పారిపోగలదు, కొలనులో పోవడానికి చోటుండదు. ఇది వివరించకుండా ఒట్టి ఫొటో పెడితే అవతలివాళ్లు సులువుగా తిప్పికొడతారు. జబ్బుందని మీరే తేల్చొద్దు. సముద్ర క్షీరదాలు తెలిసిన పశువైద్యుడితో రాయించండి, లేకపోతే పరువునష్టం దావా ఎదుర్కోవాల్సి రావచ్చు.

తర్వాత కాగితాలు. అంతరించే ప్రమాదమున్న జీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించేది సైటిస్ ఒప్పందం. డాల్ఫిన్లన్నీ దాని 1 లేదా 2వ అనుబంధంలో ఉన్నాయి. కాబట్టి దేశం దాటించాలంటే అనుమతి పత్రం ఉండాలి. సమాచార హక్కు చట్టం కింద దాని నకలు అడగండి. మూలం గడిలో "డబ్ల్యూ" (W) ఉంటే సముద్రంలో పట్టినదని, "సీ" (C) ఉంటే బందీగా పెంచినదని అర్థం. జనన, మరణ రికార్డులు కూడా అడగండి.

3. టికెట్లు అమ్మేవాళ్లను కదిలించండి

కొలను యజమాని కంటే వీళ్లే త్వరగా దిగొస్తారు. ప్రయాణ వెబ్‌సైట్లయిన ట్రిప్‌అడ్వైజర్ 2019లో, ఎక్స్‌పీడియా 2021లో ఇలాంటి టికెట్ల అమ్మకం మానేశాయి. విహారయాత్రలు నడిపే బడులకూ, పర్యాటక సంస్థలకూ ఒక్క పేజీ ఉత్తరం రాయండి: ఒక డిమాండ్, మూడు ఆధారాలు, జవాబుకు గడువు.

4. గేటు దగ్గర

పిల్లలతో వచ్చినవాళ్లను తప్పుబట్టకండి, సిబ్బందిని తిట్టకండి. డాల్ఫిన్ మొహంలో కనిపించే నవ్వు దాని దవడ ఆకారమే తప్ప సంతోషం కాదని చెప్పండి. జనం గుర్తుపెట్టుకునేది ఆ మాటే. లోపలికి చొరబడటం, వలలు కోయడం ఎప్పుడూ వద్దు, అవి డాల్ఫిన్లకే ప్రమాదం.

5. చట్టం

భారతదేశం 2013లో డాల్ఫిన్ కేంద్రాలకు అనుమతి నిరాకరించింది. డాల్ఫిన్లను బంధించి ఉంచడాన్ని నిషేధిస్తూ కెనడా 2019లో, ఫ్రాన్స్ 2021లో చట్టాలు చేశాయి. అయినా 2025 జనవరిలో ఫ్రాన్స్‌లోని ఆంటిబ్ పట్టణంలో ఉన్న మెరైన్‌ల్యాండ్ డాల్ఫిన్ పార్కు మూతపడ్డాక, వెళ్లే చోటు కుదరక డాల్ఫిన్లు నెలల తరబడి అవే కొలనుల్లో ఉండిపోయాయి. అందుకే ఎక్కడికి తరలిస్తారు, ఎవరు ఖర్చు భరిస్తారు, ఎప్పటిలోగా అన్నవి చట్టం ముసాయిదాలోనే రాయించండి.